మొక్కజొన్న సాగులో నత్రజని ఎరువుల సమర్థ వినియోగం

మొక్కజొన్న చేనుకు వేసిన నత్రజని ఎరువులో పైరుకు ఎంత అందింది, అందిన దానితో ఎంత గింజ పండింది అనే లెక్కే నత్రజని వినియోగ సామర్థ్యం. ధాన్యపు పంటల్లో నత్రజనికి బాగా స్పందించేవాటిలో మొక్కజొన్న ఒకటి. తగినంత అందితే కంకి కొస దాకా గింజ నిండుతుంది, అందకపోతే ఎంత మంచి హైబ్రిడ్ విత్తనమైనా తన శక్తి చూపలేదు. అయినా వేసిన ఎరువులో పెద్ద భాగం పంట నోటికి చేరడం లేదు. ఓక్లహామా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం రాన్, గోర్డన్ జాన్సన్ 1999లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ధాన్యపు పంటలకు వేసే నత్రజనిలో గింజ రూపంలో తిరిగి వచ్చేది సుమారు 33 శాతమే. మిగిలినదానిలో కొంత చొప్పలో, నేలలో నిలుస్తుంది. తక్కినది గాలిలోకో, భూగర్భ జలాల్లోకో, వాగుల్లోకో పోతుంది. ఆ నష్టం రైతు పెట్టుబడికీ తగులుతుంది, ఊరి తాగునీటికీ తగులుతుంది. ఎరువు తగ్గించి దిగుబడిని బలిపెట్టడం ఈ విషయంలో లక్ష్యం కాదు. అదే దిగుబడికి తక్కువ నష్టం, అదే ఎరువుకు ఎక్కువ గింజ సాధించడమే లక్ష్యం.

పైరుకు ఎంత కావాలి, ఎప్పుడు కావాలి

ఒక టన్ను గింజ పండించడానికి మొక్కజొన్న పైరు సుమారు 20 నుంచి 25 కిలోల నత్రజనిని తీసుకుంటుంది. అందులో సగానికి పైగా గింజలో చేరి చేను దాటిపోతుంది. మిగతాది చొప్పలోనూ వేళ్లలోనూ ఉండిపోతుంది. ఎకరాకు 30 క్వింటాళ్లు పండే చేనులో పైరు తీసుకునే నత్రజని ఈ లెక్కన 60 కిలోలకు పైమాటే.

ఈ అవసరం పంటకాలమంతా ఒకే తీరున ఉండదు. మొలిచిన మొదటి నెలలో పైరు తీసుకునేది మొత్తంలో పదో వంతుకు మించదు. మోకాలెత్తు దశ నుంచి ఆకలి ఒక్కసారిగా పెరుగుతుంది. దిగుబడి బాగా వచ్చే చేలలో జల్లు వేసే ముందు పైరు రోజుకు హెక్టారుకు 4 కిలోలకు పైగా నత్రజనిని లాగుతుంది. పీచు వచ్చేసరికి మొత్తం అవసరంలో దాదాపు మూడింట రెండు వంతులు తీరిపోతుంది. కొత్త హైబ్రిడ్లు పీచు వచ్చాక కూడా మిగిలిన వంతును నేల నుంచి తీసుకుంటూనే ఉంటాయి. విత్తేటప్పుడే ఎరువంతా వేస్తే ఎందుకు నష్టమో ఇక్కడే తెలుస్తుంది: పైరు అడగని నెల రోజులూ ఆ నత్రజని నేలలో కాపలా లేకుండా పడి ఉంటుంది.

నత్రజని లోపాన్ని ముందుగా అడుగు ఆకుల్లో పోల్చుకోవాలి. ఆకు కొసన మొదలైన పసుపు రంగు మధ్య ఈనె వెంట లోపలికి పాకుతుంది. అంచులు మాత్రం కొంతకాలం పచ్చగానే ఉంటాయి. పొటాష్ లోపంలో దీనికి వ్యతిరేకంగా ముందు అంచులే ఎండుతాయి. పైరు తన పాత ఆకుల్లోని నత్రజనిని లేత ఆకులకు, ఆ తర్వాత కంకికి తరలించుకోవడం వల్లే అడుగు ఆకులు ముందు పండిపోతాయి.

సామర్థ్యాన్ని కొలిచే తీరు

ఒకే మాటను వేర్వేరు కొలతలకు వాడటం వల్ల ఈ విషయంలో గందరగోళం ఎక్కువ. లెక్క తేటపడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. నత్రజని వేయని మడిలో ఎకరాకు 12 క్వింటాళ్లు, 80 కిలోలు వేసిన మడిలో 30 క్వింటాళ్లు పండాయనుకుందాం. మొత్తం దిగుబడిని ఎరువుతో భాగిస్తే కిలో నత్రజనికి 37.5 కిలోల గింజ వచ్చింది. ఇది లెక్క కట్టడానికి సులువు, కానీ నేల ఇచ్చిన దాన్నీ ఎరువు ఖాతాలోనే వేస్తుంది. ఎరువు వల్ల అదనంగా వచ్చిన 18 క్వింటాళ్లనే లెక్కిస్తే కిలోకు 22.5 కిలోలు. దీన్ని సాగు సామర్థ్యం అంటారు. ఇక ఎరువు వేయని పైరులో 27 కిలోలు, వేసిన పైరులో 65 కిలోల నత్రజని ఉంటే తేడా 38 కిలోలు. అంటే వేసిన 80 కిలోల్లో పైరుకు చేరింది 47.5 శాతం. ఇది గ్రహణ సామర్థ్యం.

మోల్, కాంప్రాత్, జాక్సన్ అనే శాస్త్రవేత్తలు 1982లో ఈ లెక్కను మొక్కజొన్న మీదే రెండు ముక్కలుగా విడదీసి చూపారు: నేలలో ఉన్న నత్రజనిని వేరు ఎంత పట్టుకోగలదు, పట్టుకున్నదాన్ని మొక్క ఎంత గింజగా మార్చగలదు. మొదటిది ఎక్కువగా రైతు చేతిలో ఉండేది, రెండోది ఎక్కువగా వంగడం గుణం. ఈ విభజన నేటికీ ప్రజనన శాస్త్రవేత్తలకు ఆధారంగా ఉంది.

నష్టపోయే దారులు

యూరియా నేలలో పడగానే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని కొద్ది రోజుల్లో అమ్మోనియంగా మారుస్తుంది. ఈ మార్పు జరిగే చోట క్షారగుణం పెరుగుతుంది. యూరియా నేల పైననే ఉండిపోతే అమ్మోనియా వాయువుగా లేచి గాలిలో కలుస్తుంది. వేడి వాతావరణం, కాస్త తడి, ఉదజని సూచిక 8కి దగ్గరగా ఉండే రేగడి నేల, పైన పరుచుకున్న పంట మోళ్లు, ఈ నాలుగూ కలిసిన చోట వేసిన నత్రజనిలో మూడో వంతుకు మించి కూడా పోవచ్చు. మోళ్లలో యూరియేజ్ ఎక్కువగా ఉండటం వల్ల దున్నకుండా వేసే పంటలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

నేలలో నిలిచిన అమ్మోనియంను నైట్రోసోమొనాస్, నైట్రోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, నైట్రేటుకూ రుణావేశమే. అందుకే మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. తేలికపాటి చల్క నేలల్లో ఒక భారీ వాన దాన్ని వేళ్ల కిందికి తోసేస్తుంది. బరువైన నల్లరేగడిలో నీరు నిలిస్తే మరో దారి తెరుచుకుంటుంది: ఆక్సిజన్ అందని సూక్ష్మజీవులు నైట్రేటునే వాడుకుని నత్రజని వాయువుగా, నైట్రస్ ఆక్సైడుగా గాలిలోకి వదులుతాయి. నైట్రస్ ఆక్సైడు వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఇన్ని దారులు ఉన్నాయి కనుక ఒక్క మందు, ఒక్క పద్ధతి అన్ని నష్టాలనూ ఆపలేదు. ఏ నేలలో ఏ దారిన ఎక్కువ పోతోందో తెలుసుకోవడమే మొదటి మెట్టు.

చారిత్రక నేపథ్యం

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1876లో మొదలైన మారో ప్లాట్లలో ఒక మడిలో నేటికీ ఏటా మొక్కజొన్నే వేస్తున్నారు. పంట మార్పిడి, పశువుల ఎరువు, రసాయనిక ఎరువు దీర్ఘకాలంలో నేలను ఎలా మారుస్తాయో చూపే పురాతన ప్రయోగాల్లో ఇదొకటి. ఫ్రిట్జ్ హేబర్ 1909లో గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియాను తయారుచేసి చూపాడు. కార్ల్ బాష్ నాయకత్వంలో 1913లో జర్మనీలోని ఒప్పావులో తొలి కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత చవకైన అమ్మోనియా, హైబ్రిడ్ విత్తనం రెండూ కలిసి అమెరికా మొక్కజొన్న దిగుబడుల రూపమే మార్చేశాయి.

ఎంత వేయాలన్న ప్రశ్నకు 1973లో జార్జ్ స్టాన్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త ఒక సూత్రం ఇచ్చాడు. ఆశించే దిగుబడిలో ప్రతి టన్నుకు సుమారు 21 కిలోల నత్రజని చొప్పున లెక్కించి, నేల ఇచ్చేది అందులో తీసేయాలన్నది దాని సారం. మూడు దశాబ్దాలు ఈ లెక్కే నడిచింది. కానీ వందలాది ప్రయోగాల్లో, దిగుబడి ఎక్కువ వచ్చిన ఏడాదే ఎరువు ఎక్కువ కావలసి వస్తుందన్న నియమం నిలబడలేదు. మంచి వానలు పడ్డ ఏడాది నేల కూడా ఎక్కువ నత్రజని ఇస్తుంది. అందుకే 2005 ప్రాంతంలో అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాలు దిగుబడి లక్ష్యాన్ని పక్కనపెట్టి, గింజ ధర, ఎరువు ధర చూసి నికర లాభం ఎక్కువ ఇచ్చే మోతాదును సిఫారసు చేయడం మొదలుపెట్టాయి.

మోతాదు, వేళ, చోటు, రూపం

సామర్థ్యం పెంచే పద్ధతులన్నీ ఈ నాలుగింటి కింద సర్దుకుంటాయి.

మోతాదు. తెలుగు రాష్ట్రాల్లో హైబ్రిడ్ మొక్కజొన్నకు వానాకాలంలో సాధారణ సిఫారసు ఎకరాకు సుమారు 80 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్. యాసంగిలో పంటకాలం, దిగుబడి రెండూ ఎక్కువ కనుక మోతాదు పెరుగుతుంది. ఈ కిలోలు పోషకం లెక్క, బస్తాల లెక్క కాదు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఒక బస్తా డీఏపీ దుక్కిలో వేసిన రైతుకు వానాకాలం పంటలో ఇంకా కావలసింది 71 కిలోలు, అంటే సుమారు మూడున్నర బస్తాల యూరియా. డీఏపీలోని నత్రజనిని లెక్కలోకి తీసుకోకపోవడం, పశువుల ఎరువు తోలిన చేనుకూ అదే మోతాదు వేయడం వల్ల అదనపు ఖర్చు తెలియకుండానే పడుతుంది.

వేళ. వానాకాలంలో నత్రజనిని మూడు భాగాలు చేసి విత్తేటప్పుడు ఒకటి, మోకాలెత్తు దశలో 30–35 రోజులకు ఒకటి, పూత దశలో 50–55 రోజులకు ఒకటి వేయడం వాడుకలో ఉన్న పద్ధతి. యాసంగిలో నాలుగు విడతలు చేస్తారు. నీటి డ్రిప్పు ఉన్న చేలలో దీన్నే ఇంకా చిన్న చిన్న మోతాదులుగా నీటితోపాటు ఇవ్వవచ్చు. వేళ కుదిరినా పదును కుదరాలి. ఎండిన నేలలో వేసిన యూరియా కరగదు, వానకు ముందు రోజు వేసింది కొట్టుకుపోవచ్చు.

చోటు. 60 సెంటీమీటర్ల వరుసల్లో 20 సెంటీమీటర్లకు ఒక మొక్క చొప్పున ఎకరాకు సుమారు 33 వేల మొక్కలు ఉంటాయి. ఒక విడతకు 58 కిలోల యూరియా వేస్తే మొక్కకు అందేది రెండు గ్రాముల లోపే. ఈ చిటికెడు ఎరువు చేనంతా చల్లితే వరుసల మధ్య కలుపుకూ పోతుంది, ఎండకూ ఆవిరవుతుంది. మొక్క మొదలుకు కొద్ది దూరంలో 5 సెంటీమీటర్ల లోతున వేసి మట్టి కప్పితే అమ్మోనియా ఆవిరి నష్టం చాలావరకు తగ్గుతుంది. పైపాటు వేసిన వెంటనే గుంటక తోలి బోదెలు ఎగదోయడం ఇందుకే. ఆ వీలు లేని చోట యూరియా వేసిన వెంటనే తడి ఇచ్చినా ఎరువు లోపలికి దిగుతుంది. ఈ పద్ధతులకు కొత్త ఖర్చు అంతగా ఉండదు. కూలీలు దొరకకపోవడమే అసలు అడ్డంకి. గొర్రుకు ఎరువు పెట్టె బిగించిన యంత్రాలు, చేతితో నొక్కే గుంట పరికరాలు ఆ లోటు కొంత తీరుస్తాయి.

రూపం. యూరియా కరిగే వేగాన్ని, మారే వేగాన్ని తగ్గించడం మరో మార్గం. ఎన్‌బీపీటీ వంటివి యూరియేజ్‌ను కొద్ది రోజులు నిలువరిస్తాయి. నైట్రాపైరిన్, డీసీడీ, డీఎంపీపీ వంటివి అమ్మోనియం నైట్రేటుగా మారడాన్ని ఆలస్యం చేస్తాయి. వేపకు ఈ రెండో గుణం ఉందన్న విషయం మీద ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో రాజేంద్ర ప్రసాద్ బృందం 1970లలో పనిచేసింది. దేశంలో తయారయ్యే యూరియాకంతా వేపపూత 2015లో తప్పనిసరైంది. గంధకపు పూత యూరియా 37 శాతం నత్రజని, 17 శాతం గంధకంతో 2023 నుంచి వచ్చింది. 2021లో మార్కెట్లోకి వచ్చిన ద్రవరూప నానో యూరియాపై శాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. 4 శాతం గాఢత గల అర లీటరు సీసాలో ఉండేది 20 గ్రాముల నత్రజని. నేలలో వేసే విడతను దీనితో భర్తీ చేయవచ్చా అన్నది ఈ లెక్కను ముందు పెట్టుకునే తేల్చుకోవాలి.

పైరు ఆకలిని కనిపెట్టే సాధనాలు

ముందే రాసిపెట్టిన మోతాదు ఏ చేనుకూ అచ్చంగా సరిపోదు. పైరునే అడిగి ఎరువు వేసే పద్ధతులు ఇందుకే పుట్టాయి. అమెరికాలోని వెర్మాంట్‌లో ఫ్రెడ్ మాగ్డాఫ్ 1984లో ప్రతిపాదించిన పరీక్షలో, మొక్క 30 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నప్పుడు 30 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి నైట్రేటు చూస్తారు. అది దండిగా ఉంటే పైపాటు అక్కర్లేదు.

మన దగ్గర సులువుగా అందేది ఆకు రంగు పట్టీ. వరికి పేరుపడ్డ ఈ పట్టీని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొక్కజొన్నకు కూడా పరీక్షించి 5వ ఛాయను ప్రమాణంగా పెట్టింది. పైనుంచి పూర్తిగా విచ్చుకున్న మొదటి ఆకును పట్టీ పక్కన, ఎండ నేరుగా పడకుండా ఒంటి నీడలో పెట్టి చూడాలి. ఎక్కువ మొక్కల్లో ఆకు ఆ ఛాయ కంటే వెలవెలబోయి ఉంటే విడత వేసే వేళ వచ్చినట్టు. పచ్చదనాన్ని అంకెల్లో చెప్పే స్పాడ్ మీటరు, పరావర్తన కాంతితో పైరు పెరుగుదలను కొలిచే గ్రీన్‌సీకర్ కూడా ఇదే పని చేస్తాయి. ఏ పరికరం లేని రైతు కూడా చేనులో ఒక సాలు పొడవునా నత్రజనిని నిండుగా వేసి, మిగతా చేనును దానితో పోల్చుకోవచ్చు. రెండింటి రంగులో తేడా లేకపోతే నేల తన వంతు ఇస్తోందని అర్థం.

నేల, నీరు, పంటల వరుస

నత్రజని–15 ఐసోటోపుతో చేసిన అధ్యయనాల్లో, ఎరువు వేసిన చేలో కూడా పైరు తీసుకునే నత్రజనిలో గణనీయమైన భాగం నేలలోని సేంద్రియ పదార్థం నుంచే వస్తోందని తేలింది. నేల బలమే ఎరువు సామర్థ్యానికి పునాది. పెసర, మినుము, సోయాచిక్కుడు తర్వాత వేసిన మొక్కజొన్నకు నత్రజని అవసరం కొంత తగ్గుతుంది. జనుము, జీలుగ, పిల్లిపెసర పూత దశలో కలియదున్నినా ఇదే మేలు. తెలంగాణలో మక్కతో కందిని అంతరపంటగా వేసే పద్ధతి మలావీ, టాంజానియా రైతుల చేలలోనూ ఉంది.

ఇతర లోపాలు ఉన్న చేనులో నత్రజని వృథా అవుతుంది. మొక్కజొన్న జింకు లోపానికి త్వరగా లొంగుతుంది. లేత ఆకుల మొదళ్లలో తెల్లని చారలు వస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తారు. భాస్వరం, పొటాష్ తక్కువైనా, కలుపు ముందే ఎరువు తినేసినా, మొక్కల సంఖ్య పలచబడినా కిలో యూరియాకు వచ్చే గింజ తగ్గుతుంది. రేగడిలో బోదెల మీద విత్తడం వల్ల మురుగు నీరు కాలువల్లోకి దిగి, వేరు ఊపిరి పీల్చుకుంటుంది, నైట్రేటు వాయువుగా పోవడమూ తగ్గుతుంది.

కోస్తా ఆంధ్రలో వరి కోతల తర్వాత దున్నకుండా వేసే మొక్కజొన్న ప్రత్యేక ఉదాహరణ. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో మినుముకు పల్లాకు తెగులు సోకి నష్టాలు రావడంతో ఎంతోమంది రైతులు ఆ తడి నేలలో మొక్కజొన్న విత్తడం మొదలుపెట్టారు. దుక్కి ఖర్చు, రోజులు రెండూ కలిసివచ్చాయి. అయితే వరి మోళ్ల మీద చల్లిన యూరియా ఆవిరైపోయే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. మొక్క పక్కన గుంట చేసి ఎరువు వేసి కప్పడం ఈ సాగుకు అందుకే ప్రాణం.

వంగడాలు, సూక్ష్మజీవులు

తక్కువ నత్రజనిలోనూ పండే వంగడాల కోసం అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమ్మిట్ 2010లో ఆఫ్రికా నేలల కోసం ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. మెక్సికోలోని ఒహాకా రాష్ట్రంలో సియెర్రా మిహే కొండల రైతులు తరతరాలుగా సాగుచేస్తున్న ఒక మొక్కజొన్న రకం మీద 2018లో వెలువడిన పరిశోధన అందరినీ ఆశ్చర్యపరిచింది. ఐదు మీటర్ల ఎత్తు దాకా పెరిగే ఈ మొక్క కాండం కణుపుల నుంచి గాలిలోకి లావైన వేళ్లు దించుతుంది. వానలు పడ్డప్పుడు ఆ వేళ్ల నుంచి తియ్యని జిగురు కారుతుంది. ఆ జిగురులో నివసించే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరపరుస్తాయి. మొక్క నత్రజనిలో 29 నుంచి 82 శాతం ఇలా గాలి నుంచి వచ్చినట్టు లెక్క తేలింది. ఈ గుణాన్ని తక్కువ కాలపు హైబ్రిడ్లలోకి తేవడం ఇంకా సుదీర్ఘమైన పని.

బ్రెజిల్‌లో అజోస్పైరిల్లం జీవన ఎరువుతో మొక్కజొన్న విత్తనశుద్ధి విస్తృతంగా సాగుతోంది. ఎంబ్రాపా సంస్థకు చెందిన మరియాంజెలా హుంగ్రియా ఈ రంగంలో చేసిన కృషికి 2025లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. జపాన్‌లోని జిర్కాస్ సంస్థలో గుంటూరు వి. సుబ్బారావు బృందం మొక్కల వేళ్లు తమంతట తాముగా నైట్రేటు తయారీని అడ్డుకునే గుణాన్ని దీర్ఘకాలంగా పరిశోధిస్తోంది. మొక్కజొన్న వేళ్ల నుంచి జియనోన్ అనే పదార్థాన్ని గుర్తించడం ఈ పరిశోధనల్లో ఒక మైలురాయి.

దేశదేశాల అనుభవం

అమెరికాలో 1980లో కిలో నత్రజనికి 42 కిలోలుగా ఉన్న మొక్కజొన్న దిగుబడి 2000 నాటికి 57 కిలోలకు పెరిగింది. చిక్కని నాటు, మెరుగైన హైబ్రిడ్లు, విడతలుగా ఎరువు వేయడం కలిసి ఈ ఫలితం తెచ్చాయి. అయినా మిసిసిపీ నది మోసుకెళ్లే నైట్రేటు వల్ల మెక్సికో సింధుశాఖలో ఏటా వేసవిలో ఆక్సిజన్ బాగా తగ్గిన మృత జలాలు ఏర్పడుతూనే ఉన్నాయి. 2017లో వాటి విస్తీర్ణం 22,720 చదరపు కిలోమీటర్లు. అయోవాలోని డి మొయిన్ నగరం తాగునీటి నుంచి నైట్రేటు తీయడానికి ప్రత్యేక కేంద్రమే కట్టుకోవలసి వచ్చింది.

చైనాలో 2005 నుంచి 2015 దాకా వరి, గోధుమ, మొక్కజొన్న సాగుచేసే 2 కోట్లకు పైగా చిన్న రైతులతో సాగిన కార్యక్రమంలో దిగుబడులు సుమారు 11 శాతం పెరిగాయి, నత్రజని వాడకం 15 నుంచి 18 శాతం తగ్గింది. కొత్త రసాయనం కంటే, ఊళ్లోనే ఉండి రైతుతో కలిసి పనిచేసిన శాస్త్రవేత్తలు, విస్తరణ ఉద్యోగులే ఆ విజయానికి కారకులు. ఆఫ్రికాలో సమస్య తలకిందులు. అక్కడ చాలా చోట్ల ఎరువే తక్కువ. హెక్టారుకు 50 కిలోల పోషకాలు చేరాలని 2006లో అబుజాలో ఆఫ్రికా దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. సేంద్రియ పదార్థం హరించుకుపోయిన నేలల్లో ఎరువు వేసినా పైరు స్పందించదని అక్కడి అనుభవం చెబుతోంది.

ధరలు, విధానం

భారతదేశంలో ఏటా 3.5 కోట్ల టన్నులకు పైగా యూరియా వాడకం జరుగుతోంది. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చినప్పుడు యూరియాను దాని బయటే ఉంచారు. దాంతో భాస్వరం, పొటాష్ ధరలు పెరిగినా యూరియా చవకగానే మిగిలింది. చవకైనది ఎక్కువ వేయడం రైతు తప్పు కాదు, ధరలు చూపిన దారి అది. 2015లో మొదలైన భూసార కార్డులు సమతుల్యతను తేవాలని ఉద్దేశించినవి. కానీ కార్డు మీది అంకెలను చేనులోని విడతలుగా మార్చి చెప్పే మనిషి ఉన్నప్పుడే అవి పనికొస్తాయి. ఎక్కువైన నైట్రేటు చివరకు బావి నీటిలో తేలుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే అది పసిపిల్లల ఆరోగ్యానికి ప్రమాదం.

ఏది ముందు

పరిశోధనలన్నీ కలిపి చూస్తే పనుల వరుస తేటగానే ఉంది. మొదట చేనును సరిచేయాలి: మొక్కల సంఖ్య, కలుపు, జింకు, మురుగు కుదరకుండా ఏ ఎరువూ ఫలితమివ్వదు. తర్వాత లెక్క: డీఏపీ, పశువుల ఎరువు, ముందరి పప్పు పంట ఇచ్చిన నత్రజనిని తీసివేసి యూరియా వేయాలి. ఆ తర్వాత విడతలు, మట్టి కప్పడం. ఈ మూడూ చేశాకే పూత యూరియాలు, సెన్సార్లు, జీవన ఎరువులు తమ వంతు చూపగలవు. వాటితో మొదలుపెట్టి వీటిని వదిలేస్తే డబ్బు దండగ. ఎకరాకు ఒక్క బస్తా యూరియా మిగిల్చి కూడా అదే 30 క్వింటాళ్లు పండించడం చాలా చేలలో నేటి పరిజ్ఞానంతోనే సాధ్యం. దానికి కావలసింది కూలి భారం తగ్గించే చిన్న యంత్రం, సమయానికి వచ్చే సలహా, సరైన పనికి లాభం చూపే ధర. ఈ మూడూ రైతుకు సమకూర్చే బాధ్యత పరిశోధనశాలలదీ, ప్రభుత్వాలదీ.